నీళ్లు తాగే ఇంజిను, గాలి వదిలే రబ్బరు రెక్క: బైపాస్ వాల్వు ఎన్ని సెంటీమీటర్ల వరకు కాపాడుతుంది?

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపురం వైపు బండి నడిపేవారికి వానాకాలంలో నది కంటే గెడ్డ, అంటే కొండవాగు, అంటేనే భయం ఎక్కువ. వంశధార పొంగుతోందంటే ముందుగా కబురు అందుతుంది. కొండ మీద గంటసేపు వాన దంచితే కింద చప్టా మీదికి మోకాలి లోతు నీరు ఎప్పుడు వచ్చిందో చెప్పేవారు ఉండరు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపానును, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటిన గులాబ్ తుపానును చూసిన గజపతి, రాయగడ జిల్లాల వారికి ఇది కొత్త సంగతి కాదు. కొత్తగా వచ్చిందల్లా కుర్రకారు తమ కార్లకు బిగించుకుంటున్న, ఇంజిన్‌కు చల్లని గాలి అందించే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ అనే గొట్టం, దానితోపాటు దుకాణంలో అంటగట్టే బైపాస్ వాల్వు అనే చిన్న కవాటం. ‘ఇది ఉంటే నీళ్లలోకి దించినా ఇంజిన్‌కు ఏమీ కాదు’ అని అమ్మేవారు అంటారు. ‘అది ఉత్త రబ్బరు ముక్క’ అని షెడ్డులో మెకానిక్ కొట్టిపారేస్తాడు. ఈ రెండు మాటల మధ్య నిజం ఎక్కడుందో టేపు పట్టి సెంటీమీటర్లలో కొలవవచ్చు.

ఇంజిన్ నీళ్లు తాగితే లోపల జరిగేదేమిటి

సూది లేని సిరంజిలోకి గాలి పీల్చి, కొనను వేలితో మూసి నొక్కితే గాలి కుదించుకుని పిస్టన్ ముందుకు జరుగుతుంది. అదే సిరంజిని నీళ్లతో నింపి నొక్కితే గోడను నొక్కినట్టే ఉంటుంది. ఇంజిన్ పని అంతా గాలికి ఉన్న ఈ గుణం మీదే నడుస్తుంది: సిలిండరు నిండా పీల్చిన గాలిని పిస్టన్ పైకి వస్తూ పదో వంతుకో పదహారో వంతుకో కుదిస్తుంది. ఆ చోట నీళ్లుంటే పిస్టన్ ఆగక తప్పదు. కానీ దాన్ని తోస్తున్న క్రాంక్ షాఫ్టు, ఫ్లైవీలు, బండి మొత్తం వేగం ఆగవు. పిస్టన్‌ను క్రాంక్ షాఫ్టుకు కలుపుతూ మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, లేదా విరిగి ఇంజిన్ బ్లాకును పొడుచుకుని బయటికి వస్తుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు. షెడ్డు భాషలో ఇంజిన్ నీళ్లు తాగింది.

ఎన్ని నీళ్లు కావాలి? 1,200 సి.సి. నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్ తీసుకుందాం. ఒక్కో సిలిండరులో పిస్టన్ కదిలే చోటు 300 సి.సి. కంప్రెషన్ నిష్పత్తి, అంటే గాలిని ఎన్నో వంతుకు కుదిస్తుందన్న లెక్క, 10:1 అయితే, పిస్టన్ పైకి చేరినప్పుడు దాని తల మీద మిగిలే ఖాళీ 300ను 9తో భాగిస్తే వచ్చేంత, అంటే సుమారు 33 సి.సి. బస్టాండులో ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగం. ఒక్క సిలిండరులోకి ఆ పాటి నీరు చేరితే చాలు. 1,500 సి.సి. డీజిల్ ఇంజిన్ సంగతి ఇంకా కష్టం: సిలిండరుకు 375 సి.సి., నిష్పత్తి 16:1 అనుకుంటే మిగిలే ఖాళీ 25 సి.సి. మాత్రమే.

అయితే గాలితోపాటు వచ్చే ప్రతి చుక్కా ప్రాణాంతకం కాదు. సన్నని తుంపర సిలిండరు వేడికి ఆవిరై ఎగ్జాస్టులో కలిసిపోతుంది. ఇంజిన్‌ను చల్లబరచడానికి కావాలనే నీటి తుంపరను చిమ్మే ఏర్పాటు 2016 నాటి బి.ఎం.డబ్ల్యు. ఎం4 జి.టి.ఎస్. కారులో ఉంది. ముప్పు తెచ్చేది గొట్టం నిండి ధారగా వచ్చే నీరు.

దెబ్బ ఎప్పుడూ పెద్ద చప్పుడుతో బయటపడదు. పర్లాకిమిడిలో ఒక షెడ్డులో హెడ్ విప్పి ఉంచిన ఇంజిన్‌ను ఒకసారి చూశాను. నాలుగు పిస్టన్లనూ ఒక్కొక్కటిగా పై అంచుకు తిప్పుతూ మెకానిక్ వాటి మీద ఇనుప స్కేలు అడ్డంగా పెట్టాడు. మూడు పిస్టన్ల దగ్గర స్కేలు కింద ఒకే సందు. మూడో నంబరు దగ్గర మాత్రం దానికంటే అగ్గిపుల్ల మందం ఎక్కువ. రాడ్డు వంగి పొట్టిదైందన్నమాట. ఆ బండి నీళ్లలో ఆగి, ఆరబెట్టాక స్టార్టయి, మూడు వారాలు తిరిగి, ఆ తర్వాత టకటకమనడం మొదలుపెట్టిందట. ‘నీళ్లు తాగినప్పుడు ఆగిపోయింది బాబూ, అప్పుడు సెల్ఫ్ కొట్టకుండా ఉంటే బతికేదేమో’ అన్నాడతను. మెల్లగా నడుస్తూ ఆగిన ఇంజిన్‌లో రాడ్డు బాగానే ఉండి, ఆ తర్వాత మళ్లీ మళ్లీ స్టార్ట్ చేయబోవడంలో వంగే సందర్భాలు ఉన్నందువల్ల ఆ మాటను తీసిపారేయలేం.

ఫిల్టరును కిందికి దించడం దేనికి

వేడెక్కిన గాలి పలుచబడుతుంది. 60 డిగ్రీల సెల్సియస్ గాలికి బదులు 35 డిగ్రీల గాలి పీలిస్తే, అదే పరిమాణంలో సుమారు 8 శాతం ఎక్కువ బరువున్న గాలి, ఆ మేరకు ఎక్కువ ఆక్సిజన్ సిలిండరులోకి చేరుతుంది. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వెనుక ఉన్న ఆలోచన ఇంతే: గాలిని వడపోసే ఫిల్టరును ఇంజిన్ వేడికి దూరంగా, బంపరు వెనకకో చక్రం పైనున్న మడ్గార్డు లోపలికో దించి, పొడవైన గొట్టంతో ఇంజిన్‌కు కలపడం. కారుతో వచ్చిన ఎయిర్ ఫిల్టరు డబ్బాను తీసేసి శంకువు ఆకారపు ఫిల్టరును నేరుగా బానెట్ కింద పెట్టే పొట్టి గొట్టం రకాలు వేరు. వాటికి నీటి భయం తక్కువే గానీ అవి పీల్చేది వేడిగాలి.

అమ్మకపు మాటల్లో వినబడని సంగతి ఒకటుంది. కంపెనీ అమర్చిన ఎయిర్ డబ్బా కూడా చాలా కార్లలో హెడ్‌లైట్ వెనక నుంచో రేడియేటర్ పైనుంచో బయటి గాలినే తీసుకుంటుంది. కాబట్టి ఆ 8 శాతం లెక్క కాగితం మీద ఉన్నంత నిండుగా రోడ్డు మీద దొరకదు. పైగా కంపెనీ ఆ మూతిని అంత ఎత్తున పెట్టడానికి ఒక కారణం నీరే.

ఒకే పేరుతో తిరిగే నాలుగు వస్తువులు

గందరగోళంలో సగం పేరుతోనే వస్తుంది. గాలిని ఒత్తిడితో లోపలికి నెట్టే టర్బో ఉన్న ఇంజిన్లలో యాక్సిలరేటర్ వదిలినప్పుడు పోగైన గాలి ఒత్తిడిని మళ్లించే కవాటాన్నీ బైపాస్ వాల్వు అంటారు. ఆయిల్ ఫిల్టరు పూడుకుపోతే ఆయిల్‌ను పక్క దారిన పంపేదీ బైపాస్ వాల్వే. కొంతకాలం కిందటి పెట్రోల్ కార్లలో ఇంజిన్ ఐడ్లింగులో ఉన్నప్పుడు థ్రాటిల్‌ను (యాక్సిలరేటర్‌తో తెరుచుకుని ఇంజిన్‌కు గాలి వదిలే తలుపును) తప్పించి కాస్త గాలి పంపేదానికీ అదే పేరు. ఈ మూడింటికీ వరదనీటితో సంబంధం లేదు. మనం మాట్లాడుతున్నది కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ గొట్టం మధ్యలో, ఫిల్టరుకంటే బాగా ఎత్తున, థ్రాటిల్ బాడీకి దగ్గరగా బిగించే గాలి బైపాస్ వాల్వు గురించి. అమెరికాలో ఎ.ఇ.ఎం. సంస్థ అమ్మే ఈ రకం కవాటం పేరు చాలామందికి పరిచయం.

చిల్లు పడిన స్ట్రాతో బొండం తాగినట్టు

కొబ్బరి బొండం తాగుతున్నప్పుడు స్ట్రా పైభాగంలో చీలిక ఉంటే ఎంత పీల్చినా నీళ్లు పైకి రావు, గాలే వస్తుంది. నీటిని లాగేది మన నోరు కాదు. నోటిలో ఒత్తిడి తగ్గితే బొండంలో నీటి మీద ఉన్న వాతావరణ పీడనం దాన్ని పైకి నెడుతుంది. చీలిక గుండా గాలి వస్తే ఆ తేడా నిలవదు.

బైపాస్ వాల్వు అంటే అవసరమైనప్పుడు మాత్రమే తెరుచుకునే చీలిక. గొట్టం చుట్టూ ఉన్న కిటికీలను లోపలి వైపు నుంచి మూసి ఉంచే రబ్బరు రెక్క, దాన్ని పట్టి ఉంచే బిగువు, ఇంతే దాని శరీరం. కరెంటు లేదు, సెన్సారు లేదు. ఫిల్టరు గుండా గాలి సాఫీగా వస్తున్నంతసేపు గొట్టం లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడికంటే కొద్దిగానే తక్కువ. ఆ తేడా రబ్బరు బిగువును జయించలేదు. ఫిల్టరు పూర్తిగా మునిగితే ఇంజిన్ పీల్పు మాత్రం ఆగదు, గొట్టంలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, బయటి గాలి రెక్కను లోపలికి నెట్టుకుని వస్తుంది. ఇంజిన్‌కు గాలి దొరికింది కాబట్టి నీటి స్తంభం ఎక్కడిదక్కడ నిలుస్తుంది.

ఇదంతా ఎంత వేగంగా జరగాలో చూస్తే ఎలక్ట్రానిక్స్ ఎందుకు పెట్టలేదో అర్థమవుతుంది. ఏడు సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో 35 సెంటీమీటర్ల పొడవుకు పట్టేది సుమారు 1.35 లీటర్లు. 1,200 సి.సి. ఇంజిన్ 1,500 ఆర్.పి.ఎం. దగ్గర, యాక్సిలరేటర్ కొద్దిగా తొక్కినప్పుడు, సెకనుకు ఆరు లీటర్ల గాలి పీలుస్తుందనుకుంటే, ఆ పొడవు ఖాళీ కావడానికి పట్టేది పావు సెకనులోపే. తడిసిన ఫిల్టరు నీటిని కాస్త అడ్డుకుంటుంది గనుక నిజంగా పట్టే సమయం దీనికంటే ఎక్కువే. అయినా రెప్పపాటు వ్యవహారమే.

టేపు పెట్టి కొలిచిన లెక్క

మా మేనల్లుడు తన 1,200 సి.సి. పెట్రోల్ కారుకు ఇలాంటి గొట్టమూ వాల్వూ బిగించుకుని, ‘ఇక గెడ్డ దాటేయొచ్చు మావయ్యా’ అన్నప్పుడు ఇద్దరం టేపు పట్టుకుని కూర్చున్నాం. నేల నుంచి ఫిల్టరు పై అంచు 40 సెంటీమీటర్లు, వాల్వు 75 సెంటీమీటర్లు, కంపెనీ ఇచ్చిన పాత డబ్బా మూతి 68 సెంటీమీటర్లు. వాల్వు ఎంత ఒత్తిడి తేడా దగ్గర తెరుచుకుంటుందో అది వచ్చిన ప్యాకెట్టు మీద రాసి లేదు కాబట్టి లెక్క కోసం రెండు కిలోపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) అని అనుకున్నాం. ఒక కిలోపాస్కల్ తేడా నీటిని సుమారు పది సెంటీమీటర్లు ఎత్తుతుంది. అంటే మన వాల్వు తెరుచుకునే సమయానికి గొట్టంలో నీరు బయటి నీటి మట్టంకంటే 20 సెంటీమీటర్లు పైన ఉంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. వాల్వు 75 సెంటీమీటర్ల ఎత్తున ఉంది కాబట్టి 75 వరకు భద్రమే అనిపిస్తుంది. కానీ కొలవవలసింది ఫిల్టరు నుంచి కాదు, బయటి నీటి మట్టం నుంచి. బయట 45 సెంటీమీటర్ల నీరుంటే గొట్టంలో నీరు 65 దాకా ఎక్కి ఆగుతుంది, వాల్వు తెరుచుకుంటుంది, ఇంజిన్ బతుకుతుంది. బయట 55 ఉంటే గొట్టంలో నీరు సరిగ్గా వాల్వును తాకుతుంది. బయట 60 ఉంటే తెరుచుకోవడానికి కావలసిన తేడా రాకముందే నీరు వాల్వును దాటిపోతుంది. కాబట్టి ఆ వాల్వు కాపాడే హద్దు 75 కాదు, 55. నీరు 40 సెంటీమీటర్లకు చేరే వరకు ఫిల్టరు పూర్తిగా మునగదు గనుక వాల్వుకు పని పడదు. అది నిజంగా ఉపయోగపడే పట్టీ 40కీ 55కీ మధ్య ఉన్న పదిహేను సెంటీమీటర్లు, జానెడుకంటే తక్కువ.

ఆ పట్టీ కూడా నిలకడగా ఉండదు. తెరుచుకున్న కిటికీల గుండా ఎక్కువ గాలి లాగాలంటే ఎక్కువ తేడా కావాలి; డ్రైవరు కంగారులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి ఆ తేడాను మూడు కిలోపాస్కల్‌కు తెస్తే నీరు 30 సెంటీమీటర్లు ఎక్కుతుంది, హద్దు 45కు పడిపోతుంది. నీళ్లలో వేగంగా పోయే బండి బంపరు ముందు నీటిని కుప్పగా నెట్టుకుపోతుంది, అది మరో పది సెంటీమీటర్లు మింగేస్తుంది. అప్పటికి పట్టీలో మిగిలేది ఏమీ లేదు.

బిగువు తగ్గించి వాల్వును ముందే తెరుచుకునేలా చేస్తే సరిపోదా? మేనల్లుడు అడిగిన ఈ ప్రశ్నలోనే దాన్ని తయారుచేసేవారి తలనొప్పి అంతా ఉంది. మామూలు రోడ్డు మీద, నిండు యాక్సిలరేటర్‌లో, దుమ్ము పట్టిన ఫిల్టరు కూడా కొంత తేడాను పుట్టిస్తుంది. వాల్వు దానికే తెరుచుకుంటే ఎండాకాలమంతా బానెట్ కింది వేడిగాలిని ఫిల్టరు తప్పించి లోపలికి వదులుతూ ఉంటుంది. ఏ చల్లగాలి కోసం ఇంత ఖర్చు పెట్టారో అదే పోతుంది, రాయగడ వైపు ఎర్రమట్టి దుమ్ము నేరుగా సిలిండరుకు చేరుతుంది. బిగువు పెంచితే ఇంజిన్‌కు గాలి భద్రం, నీటి హద్దు మాత్రం కిందికి జారుతుంది.

వాల్వు తెలుసుకోలేనివి

ఫిల్టరు సగమే మునిగినప్పుడు పై సగం గుండా గాలి వస్తూనే ఉంటుంది కాబట్టి ఒత్తిడి పెద్దగా పడదు, వాల్వు మూసే ఉంటుంది. ఆ గాలి తనతోపాటు నీటి బిందువులను ఎత్తుకుపోతుంటే దానికి తెలియదు. ఎదురుగా వచ్చిన లారీ కొట్టిన నీళ్లు బంపరు సందుల్లోంచి ఫిల్టరును తడిపినా అంతే. ఫిల్టరు మీద తొడిగే నీరు పట్టని గుడ్డ తొడుగు ఈ తుంపరను ఆపడానికి పనికొస్తుంది గానీ మునిగిన ఫిల్టరును అది కాపాడలేదు. కాబట్టి తొడుగు, వాల్వు ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు.

గాలి బరువును కొలిచే సెన్సారు ఎక్కడుందన్నది మరో చిక్కు. అది వాల్వుకు, థ్రాటిల్‌కు మధ్య ఉంటే వాల్వు గుండా వచ్చిన గాలి కూడా లెక్కలోకి వస్తుంది. వాల్వుకంటే ముందే, ఫిల్టరు పక్కన ఉంటే, పక్కదారి గాలి కొలతకు అందదు. పెట్రోల్ తక్కువై ఇంజిన్ తడబడుతుంది, నీళ్ల మధ్యలోనే ఆగిపోనూవచ్చు.

టర్బో ఇంజిన్లకు ఈ వాల్వు వాడవద్దని తయారీదారులు సాధారణంగా చెబుతారు, కారణం ఊహించడం కష్టం కాదు. టర్బో తర్వాత బిగిస్తే లోపలి ఒత్తిడి బయటికంటే ఎక్కువ కాబట్టి రెక్క ఎప్పటికీ లోపలికి తెరుచుకోదు. టర్బోకు ముందు బిగిస్తే, అది పీల్చే గాలి ఎక్కువ గనుక పొడి రోడ్డు మీదే తెరుచుకోవచ్చు. మన జిల్లాల కొండదారుల్లో తిరిగే డీజిల్ జీపుల్లో చాలావరకు టర్బో ఉన్నవే కాబట్టి, ఈ చర్చ అంతా వాటికి వర్తించదు.

రబ్బరు సంగతి చెప్పనే లేదు. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి మాడిన రబ్బరు బిరుసెక్కుతుంది. మూసే ఉన్న వాల్వు పని చేస్తోందో లేదో బయటికి కనబడదు.

అమ్మేవారు, మెకానిక్కులు, బీమావారు

అమర్చేవారి వాదన ఇది: ఫిల్టరును కిందికి దించాలని యజమాని ఎలాగూ నిర్ణయించుకున్నాడు, వాల్వు లేకపోతే 40 సెంటీమీటర్ల నీటిలోనే ఇంజిన్ పోతుంది, ఉంటే కనీసం వెనక్కి తీసుకునే అవకాశం దొరుకుతుంది. లెక్క ప్రకారం ఇది నిజమే. రోడ్డు మీద కనబడని గోతిలో ఒక చక్రం దిగి ఫిల్టరు రెండు సెకన్లు మునిగినప్పుడు ఈ వాల్వు అచ్చంగా ఆ పని కోసమే పుట్టినట్టు ప్రవర్తిస్తుంది.

మెకానిక్కులు దీన్ని తలకిందులుగా చూస్తారు. పాత డబ్బా మూతి 68 సెంటీమీటర్ల దగ్గర ఉండగా, దాన్ని తీసి ఫిల్టరును 40కి దించి, మళ్లీ వాల్వు పెట్టి 55కు ఎత్తుకోవడం ఏం లాభమని వారు అడుగుతారు. దీనికి అమర్చేవారి దగ్గర సమాధానం లేదనే నాకు అనిపించింది. నీళ్లలో నడవడానికే తయారైన బండ్లలో గాలి మూతిని ఎత్తున పెట్టడమే దారి. మహీంద్రా థార్‌కు కంపెనీ చెప్పే నీటి లోతు 650 మిల్లీమీటర్లు, స్నార్కెల్ అనే నిలువు గాలి గొట్టం తగిలించేవారు ఆ మూతిని ఏకంగా పైకప్పు దాకా తీసుకుపోతారు.

నీళ్లలో ఇంజిన్ వేగం పెంచాలా తగ్గించాలా అన్నదాని మీదా రెండు మాటలున్నాయి. సైలెన్సరులోకి నీరు రాకుండా గట్టిగా తొక్కి పట్టాలని పాత డ్రైవర్లు చెబుతారు. అయితే ముప్పై సెంటీమీటర్ల నీరు సైలెన్సరు మూతి మీద మోపే ఒత్తిడి మూడు కిలోపాస్కలే. నడుస్తున్న ఇంజిన్ దాన్ని నెట్టేయడానికి పెద్దగా శ్రమపడదు. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఉన్న కారులో మాత్రం అదే తొక్కుడు ముందువైపు నీటిని పైకి ఎత్తుతుంది.

బీమావారికి ఈ యాంత్రిక వివరాలతో పని తక్కువ. మామూలు సమగ్ర పాలసీ వరదలో తడిసిన బండికి వర్తిస్తుంది గానీ, నీళ్లు తాగిన ఇంజిన్‌ను పర్యవసాన నష్టం (అసలు ప్రమాదం వెనకాల వచ్చిపడే నష్టం) కింద లెక్కగట్టి సాధారణంగా పక్కన పెడతారు; ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు ఉంటేనే అది చెల్లింపులోకి వస్తుంది. అప్పుడైనా కంపెనీ అమర్చిన డబ్బా స్థానంలో వేరేది ఉందని, ఆ మార్పు పాలసీలో నమోదు కాలేదని సర్వేయరు రాసుకుంటే చిక్కు మొదలవుతుంది.

మేనల్లుడి గొట్టం రెండు ముక్కలుగా విడిపోయే రకం. కింది ముక్క తీసేసి ఫిల్టరును పై ముక్కకే తగిలిస్తే అది బానెట్ కింద 70 సెంటీమీటర్ల ఎత్తున కూర్చుంటుంది, పీల్చేది కాస్త వేడిగాలే అయినా. ఆ రోజు టేపు చుట్టేసి, స్పానరు తెచ్చి అతనే విప్పాడు. కింది ముక్క ఇప్పుడు వాళ్లింటి అటక మీద, పాత దుప్పటిలో చుట్టి ఉంది. నాగుల చవితి దాటాక దించుతానంటున్నాడు.